తీగ లేని పరిపాలన

"ఈ క్షణం నుంచి నా ఆఫీసులో కాగితం కనబడకూడదు. కలం కనబడకూడదు. తీగ కనబడకూడదు. అర్జీ పట్టుకొచ్చిన ప్రతి మనిషికీ, వాళ్ళ కళ్ళముందే, ఇదిగో, ఈ వేళ్ళతో నేనే జవాబు టైపు చేస్తాను. ఇకమీదట ప్రజలకీ నాకూ మధ్య గాలి తప్ప ఇంకేమీ ఉండదు!"

ప్రజాస్పందన శాఖ మంత్రిగారు ఈ మాట అనగానే హాలంతా చప్పట్లు మోగిపోయాయి. మొదట కొట్టింది మా బావ. తరవాత కొట్టింది నేను, బావ మోచేత్తో పొడిచాడు కాబట్టి.

బావంటే మా అక్క మొగుడు. మంత్రిగారికి ఆంతరంగిక కార్యదర్శి. నేను పన్ను పీకించుకోవడానికి వచ్చి వాళ్ళింట్లో దిగాను. దవడ వాచిపోయి, నోరు తెరవలేక, తువ్వాలు కట్టుకుని కూర్చున్న నన్ను చూసి బావ మొహం వెలిగిపోయింది.

"ఖాళీగానే ఉన్నావుగా, ఆఫీసుకి రా. ప్రజలు కావాలి."

ఎంతమంది అని చేత్తో అడిగాను.

"నువ్వు చాలు. మాట్లాడకుండా కూర్చునేవాళ్ళు దొరకడం కష్టంగా ఉందిరా బామ్మర్దీ."

అలా నేను ప్రజలనయ్యాను. మంత్రిగారి గదిలో, సోఫా చివర, పూలకుండీ పక్కన నా స్థానం. అక్కణ్ణించి చూసిన మహత్కార్యాలని పాఠకులకి విన్నవించుకోవడం నా ధర్మం.

మంత్రిగారు మాట మీద నిలబడే మనిషి. ప్రకటన చేసిన పూటే ఆఫీసులో ఉన్న తీగల కీబోర్డులన్నీ పీకించి, లారీకెక్కించి, తుక్కుకింద తొక్కించేశారు. "తీగ అంటే ఏమిటి? సంకెల! ఒక ఆఫీసరు తన బల్లకి కట్టుబడి ఉండటానికి కారణం తీగే!" అన్నారు. ఆఫీసర్లకి ఈ మాట బాగా నచ్చి, బల్లలొదిలేసి వెళ్ళిపోయారు. వార్తాపత్రికలు కూడా కాగితాలే కనక వాటినీ మాన్పించారు. బావ స్వామిభక్తి కొద్దీ ఇంట్లో కూడా మాన్పించాడు. "అలమర అరల్లో పరవడానికి పాత పేపరు ముక్క లేదు, ఇదేం పరిపాలనరా!" అని అక్క నా దగ్గర మొత్తుకుంది. నోరు తెరవలేను కనక, నాదీ అదే అభిప్రాయమని ఆవిడ అనుకుంది.

మంత్రిగారి బల్ల మీద మిగిలినవి రెండే. ఒకటి, గోడంత తెర ఉన్న కంప్యూటరు. అది పాస్‌వర్డు అడుగుతూ నిలబడి ఉంది. రెండోది, ముఖమల్ గుడ్డ మీద తెల్లటి కీబోర్డు. టీ పళ్ళెమంత పల్చగా ఉంది. ఎటు తిప్పినా తీగ లేదు. దాన్ని ఎంపిక చేసింది సాంకేతిక సలహాదారుగారు. ఈయన మంత్రిగారి తోడల్లుడు. ఇదివరకు పరుపుల కొట్టు నడిపేవాడు. స్ప్రింగుల గురించి లోతుగా తెలిసినవాడు కావడంతో ఈ పదవి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"ఈ మూల పచ్చదీపం వెలుగుతుంది అన్నగారూ. వెలగ్గానే టైపు కొట్టెయ్యడమే" అన్నాడాయన.

మొట్టమొదటి జవాబు అందుకోబోయే అర్జీదారుణ్ణి బావే ఏరి తెచ్చాడు. ఒక బస్సు కండక్టరమ్మ. ఆవిడ బస్సులో మంత్రిగారి పార్టీ యువనాయకుడొకాయన్ని టిక్కెట్టడిగితే "నేనే పార్టీ" అన్నాడట. "పార్టీ అయినా సరే, టిక్కెట్టు తీసుకుంటేనే బస్సు కదుల్తుంది" అని ఈవిడ ఈల వేసి బస్సాపేసింది. ఎండలో ప్రయాణికులందరూ తిట్టిపోస్తే నాయకుడు టిక్కెట్టు కొన్నాడు. మర్నాటి నుంచి ఈవిడకి డ్యూటీ లేదు. విచారణ జరిగింది, తప్పు లేదని తేలింది. తిరిగి పనిలోకి తీసుకోవడానికి మంత్రిగారు 'సరే' అని ఒక్క ముక్క టైపు చేస్తే చాలు. ఒక్క ముక్కే కనక ప్రారంభోత్సవానికి అనువుగా ఉంటుందని బావ లెక్క.

విలేకరులొచ్చారు. కెమెరాలు ఎక్కుపెట్టారు. మంత్రిగారు చూపుడువేలు పైకెత్తి, ఒక్క క్షణం దేశభవిష్యత్తు గురించి ఆలోచించి, మీట నొక్కారు.

దీపం వెలగలేదు.

ఇంకోటి నొక్కారు. తరవాత రెండు చేతులతో నొక్కారు. తోడల్లుడు చెవిలో ఏదో ఊదబోతే మంత్రిగారు కళ్ళతోనే ఆపి, కెమెరాల వైపు తిరిగి చిరునవ్వు నవ్వారు.

"విన్నారా?"

ఎవరికీ ఏమీ వినబడలేదు.

"అదీ! చప్పుడే లేదు. పాత ప్రభుత్వంలో టైపు కొడితే వీధి చివరిదాకా వినబడేది. మాది నిశ్శబ్ద విప్లవం."

విలేకరులు అది రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయారు. గదిలో మేమే మిగిలాం. కండక్టరమ్మ మాత్రం కదల్లేదు.

"సార్, నా జవాబు?"

"ఇస్తానమ్మా. ఒక్క క్షణం."

"టైపు కాకపోతే నోటితో అనెయ్యండి సార్. 'సరే' అనండి, వెళ్ళిపోతాను. డిపోలో నేను చెప్పుకుంటాను."

మంత్రిగారు బాధగా తల ఊపారు. "తల్లీ, నోటిమాట పాత యుగానికి చెందింది. నేను నోటితో అన్నవాటికి లెక్కే లేదు."

ఇది నిజమేనని బావ ధ్రువీకరించాడు.

సలహాదారు కీబోర్డుని తిరగేసి, తల గోక్కుంటూ పరిశీలించి, లోపల సెల్లులు లేవని కనిపెట్టాడు. మంత్రిగారు తోడల్లుడి తెలివికి మురిసిపోయి, తెప్పించమన్నారు.

"కొనుగోళ్ళ విభాగానికి రాసి పంపాలి సార్" అన్నాడు బావ.

"పంపు."

"కాగితం మీద రాయకూడదు కదండీ."

"టైపు చేసి పంపవయ్యా."

బావ కీబోర్డు వైపు చూశాడు. సలహాదారు కీబోర్డు వైపు చూశాడు. మంత్రిగారు కిటికీలోంచి చెట్ల వైపు చూశారు. అలా చాలాసేపు ఎవరికి దొరికినవైపు వాళ్ళు చూశాం.

"సెల్లులకా ఇంత గోల?" అంది కండక్టరమ్మ. "మా ఇంట్లో గోడగడియారంలోవి పీక్కొస్తాను."

మర్నాడు తెచ్చింది. కొంగుముడి విప్పి బల్ల మీద పెట్టబోతే బావ గాభరాగా అడ్డం పడ్డాడు.

"అమ్మా, ఆగండి! అర్జీదారు దగ్గర మంత్రిగారు ఏ వస్తువు పుచ్చుకున్నా లంచం కిందికొస్తుంది!"

"గడియారం సెల్లులండీ బాబూ!"

"అందుకే మరీ ప్రమాదం. అమూల్యమైన కాలాన్ని పుచ్చుకున్నారంటారు."

మంత్రిగారు తన నిజాయితీకి తనే చలించిపోయి కళ్ళజోడు తుడుచుకున్నారు. కాసేపు మంతనాలు జరిగాయి. చివరికి బావకి ఉపాయం తట్టింది. కండక్టరమ్మ ఆ సెల్లుల్ని ప్రజలకి దానం చేస్తుంది. ప్రజలు వాటిని ప్రభుత్వానికి సమర్పిస్తారు. నన్ను లేవమన్నాడు. ఆవిడ నా చేతిలో పెట్టింది. నేను రెండడుగులు వేసి మంత్రిగారి చేతిలో పెట్టాను. ఫోటో తీశారు. ప్రజలు ఇంత ఇష్టంగా ఇవ్వడం తన రాజకీయ జీవితంలో చూడలేదని మంత్రిగారు నా భుజం తట్టారు. దవడ కదిలి ప్రాణం పోయినంత పనైంది. కళ్ళనీళ్ళు తిరిగాయి. అది కూడా ఫోటో తీశారు.

సెల్లులు వేశారు. దీపం వెలగలేదు.

సలహాదారు కంపెనీ వాళ్ళకి ఫోను చేసి స్పీకరులో పెట్టాడు. అవతల ఒక కమ్మటి గొంతు నమస్కారం చెప్పి, "మీ సమస్యను తెలియజేయుటకు, ఒకటి నొక్కండి" అంది.

మంత్రిగారు వంగి కీబోర్డు మీద ఒకటి నొక్కారు.

"మీరు ఏమీ నొక్కలేదు" అంది గొంతు.

"నొక్కానమ్మా!"

"మీరు ఏమీ నొక్కలేదు."

"మంత్రిని చెబుతున్నాను, నొక్కాను! ఏమయ్యా సెక్రటరీ, నొక్కానా లేదా?"

"గట్టిగా నొక్కారు సార్. నేను సాక్షిని" అన్నాడు బావ ఫోను దగ్గరికి వంగి.

"మీ సమస్యను మాకు ఈమెయిలు చేయగలరు. ధన్యవాదాలు" అని గొంతు పెట్టేసింది.

"ప్రతిపక్షం మనిషి" అన్నారు మంత్రిగారు.

మూడో రోజో నాలుగో రోజో, సలహాదారుకి అసలు రహస్యం తట్టింది. వైర్లెస్ అంటే తీగ బదులు గాలి. ఈ గదిలో ఏసీ పెట్టి తలుపులు బిడాయించాం. లోపలున్నది నిలవగాలి. నిలవగాలిలో సిగ్నలు ఎలా నడుస్తుంది? అంతే, ఏసీ కట్టేశారు. కిటికీలన్నీ బార్లా తెరిచారు. మంత్రిగారు చొక్కా గుండీలు విప్పుకుని, విసనకర్రకి కాగితం లేక చేత్తోనే విసురుకున్నారు. వీధిలో దుమ్మంతా వచ్చి ముఖమల్ గుడ్డ మీద కూర్చుంది. దీపం వెలగలేదు. గాలి చాలలేదని వరండాలోకి మోసుకెళ్ళారు. ముందు సలహాదారు, వెనక కీబోర్డుని రెండు చేతులతో పట్టుకుని మంత్రిగారు, ఆ వెనక బావ, ఆఖర్న ప్రజలు.

"ఇరుకులో నిలబడకండి, ముందుకి జరగండి, వెనకవాళ్ళకి చోటివ్వండి!" అని కండక్టరమ్మ అలవాటుకొద్దీ కేకేసింది. మంత్రిగారు కూడా జరిగారు.

నేనూ ఆవిడా వరండాలో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆవిడ మెల్లిగా చెప్పుకొచ్చింది. నేను మాట్లాడలేను కనక నాతో మాట్లాడటం ఆవిడకి సుఖంగా ఉన్నట్టుంది.

"ఇంట్లో కూర్చుంటే కాళ్ళు నిలవవండీ. పొద్దున్నే లేస్తాను, జడేసుకుంటాను, సంచీ తగిలించుకోబోతే సంచీ ఉండదు. మా అత్తగారేమో, 'గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళని లెక్కపెట్టకే, భయమేస్తోంది' అంటుంది. ఈ వారంలో ఆర్డరు రాకపోతే నా రూటు ఇంకొకళ్ళకి రాసేస్తారు. ఆ రూట్లో ఏ ముసలమ్మ ఎక్కడ దిగుతుందో నాకు తెలుసు. కొత్తవాళ్ళు దాటించేస్తారు." కొంగు సర్దుకుని, "అందులో ఒకావిడకి కళ్ళు కనబడవు" అంది.

నేను తలాడించాను. అంతకన్నా ప్రజలు చెయ్యగలిగింది ఏముంది?

ఇంతలో మంత్రిగారి కృషికి ఫలితాలు కనబడసాగాయి. రోజూ గుమ్మం దాకా బారులు తీరే అర్జీదారులు తగ్గిపోయారు. ఫోన్లు మోగడం మానేశాయి. విలేకరుల సమావేశం పెడితే ఒక్కాయనే వచ్చాడు. ఆయన కూడా మెట్ల దగ్గర పొరబడి వచ్చానని చెప్పి, టీ తాగి పక్క శాఖకి వెళ్ళిపోయాడు.

"చూశావా సెక్రటరీ! ఫిర్యాదు అనేది లేకుండా పోయింది. జవాబు ఇవ్వకముందే ఇంత ప్రభావం ఉంటే, ఇచ్చాక ఎలా ఉంటుందో!" అన్నారు మంత్రిగారు.

"నాకు తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది సార్" అన్నాడు బావ.

సర్కారు కారు కూడా రావడం మానేసింది. రిపేరుకి వెళ్ళుంటుందని బావ అన్నాడు. మంత్రిగారు తోడల్లుడి స్కూటరు వెనక కూర్చుని వచ్చి, పొదుపు గురించి మాకు నాలుగు మంచిమాటలు చెప్పారు.

ఆ వారం ఆఖరి పనిరోజున కండక్టరమ్మ వస్తూనే కూర్చోలేదు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సార్, రేపు పొద్దున నా రూటు ఇచ్చేస్తున్నారు. డిపోలో చెప్పారు."

"అయ్యో. సలహాదారుగారు సెల్లుల్ని ఎండలో పెట్టారమ్మా. కాస్త వేడెక్కగానే..."

"ఏం వేడెక్కాలి సార్? నా బుర్ర వేడెక్కింది, చాలదూ? నా బస్సు స్టార్టవకపోతే యాభైమంది దిగి తోస్తారు. ఒక్కడూ గాలి చాలలేదనడు! ఎదురుగా మనిషి నిలబడి ఉంటే, ఆ పళ్ళేన్ని ముద్దుచేస్తూ కూర్చుంటారా? మీకు చేతకాదని చెప్పండి, నేను ఇంటికి పోయి గుమ్మంలో నిలబడతాను!"

మంత్రిగారితో ఆ స్వరంలో మాట్లాడేవాళ్ళు వాళ్ళింట్లో తప్ప లేరు. ఆయన మొహం ముందు తెల్లబడి, తరవాత ఎర్రబడింది. అర్జీదారు మీద కోపం చూపకూడదని శాఖ నియమం. అందుకని ఆ కోపమంతా కూడగట్టుకుని, కీబోర్డుని రెండు చేతులతో ఎత్తి, బల్లకేసి ధడాలున బాదారు.

దాని వీపున ఏదో చిన్న మీటలాంటిది బల్ల అంచుకి తగిలి టక్కున పక్కకి జరిగిన చప్పుడైంది. నేను విన్నాను. నా నోరు ఎలాగూ తెరుచుకోదు.

పచ్చదీపం వెలిగింది.

"వెలిగింది అన్నగారూ!" అని సలహాదారు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "కంపెనీవాళ్ళ వల్ల కానిది! ఇంజనీర్ల వల్ల కానిది! మీ చేతిలో కరెంటుంది అన్నగారూ!"

బావ చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. కండక్టరమ్మ కూడా, పాపం, ముక్కు తుడుచుకుని కొట్టింది. మంత్రిగారు తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. "ఇన్నాళ్ళూ దీన్ని షేక్‌హ్యాండ్లకి వృథా చేశానయ్యా" అన్నారు.

"ముందు నాది కొట్టెయ్యండి సార్!"

"కొడతానమ్మా. సెక్రటరీ, తెరువు."

పాస్‌వర్డు పరమ రహస్యం కనక అది బావకి మాత్రమే తెలుసు. బావ వంగి టకటకా కొట్టాడు. తెర తెరుచుకుంది. అర్జీల దాకా వెళ్ళేలోపు అడ్డంగా ఒక ఉత్తరాల వరస నిలబడింది. అన్నీ పెద్దాయన ఆఫీసు నుంచే. పెద్దాయనంటే, మంత్రులందర్నీ వేసేదీ తీసేదీ ఆయనే.

"అభినందనలు పంపుంటారు. పైకి చదువు, ప్రజలు కూడా వింటారు" అన్నారు మంత్రిగారు, వెనక్కి వాలి.

బావ గొంతు సవరించుకున్నాడు.

"'పొదుపు చర్యలలో భాగంగా అవసరం లేని శాఖలను ఎత్తివేయ నిశ్చయించడమైనది. మీ శాఖ అవసరమని మీరు భావించినచో, రెండు రోజులలో ఒక్క ముక్క జవాబు పంపవలెను.' ఇది... మన ప్రారంభోత్సవం రోజున వచ్చింది సార్."

"తరవాతది?"

"'పై విషయమై మీ జవాబు కొరకు ఎదురుచూచుచున్నాము.'"

"ఆ తరవాత?"

బావ ఈసారి ముందు తనలో తను చదువుకున్నాడు. తరవాత పైకి చదివాడు. గొంతులో ఇందాకటి వినయం లేదు.

"'జవాబు రానందున ప్రజాస్పందన శాఖను రద్దు చేయడమైనది. మంత్రివర్యుల సేవలకు కృతజ్ఞతలు. శాఖలో మిగిలియున్న అర్జీలన్నియు అర్జీదారులకు అనుకూలముగా పరిష్కారమైనట్లు భావించవలెను.' దీని తారీఖు మొన్నటిది."

బావ నిలబడ్డవాడు నెమ్మదిగా కుర్చీ లాక్కుని మంత్రిగారి ఎదురుగా కూర్చున్నాడు. ఆ గదిలో మా బావ కూర్చోగా నేను చూడటం అదే మొదలు. కుర్చీ బాగానే సరిపోయింది.

"అనుకూలంగా అంటే?" అంది కండక్టరమ్మ. "బాబూ, మీరు కూర్చుంటే కూర్చున్నారు గానీ, ఆ ముక్క ఇంకోసారి చదవండి. అనుకూలంగా అంటే నాకు డ్యూటీ ఇచ్చినట్టేగా?"

"ఇచ్చినట్టే" అన్నాడు బావ.

ఆవిడ ఫోను తీసి తెరకి ఫోటో తీసుకుంది. సరిగ్గా వచ్చిందో లేదో కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. మళ్ళీ ఇంకోటి తీసుకుంది. తరవాత ఎవరికీ ఏమీ చెప్పకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని వరండాలో పరుగెత్తింది. మెట్లు దిగుతుంటే ఆవిడ నవ్వు కింది అంతస్తు దాకా వినబడింది.

"ఆవిడ థాంక్స్ చెప్పిందా?" అని అడిగారు మంత్రిగారు.

"లేదు" అన్నాడు బావ. ఆ తరవాత రావలసిన 'సార్' కోసం మంత్రిగారు కాసేపు ఎదురుచూశారు.

ఎంతైనా పోరాటయోధుడు. అలాంటి దెబ్బకి ఇంకొకరైతే చతికిలబడేవారు. మంత్రిగారు మాత్రం చొక్కా చేతులు మడుచుకుని, కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"జవాబు రాలేదన్నాడుగా? ఇప్పుడిస్తాను జవాబు. ఎవరూ సాయం రావద్దు. నేనే, నా చేత్తో కొడతాను. 'అన్యాయం' అని మొదలుపెడతాను. ఆ ఒక్క మాటకే వాళ్ళ పునాదులు కదలాలి!"

చూపుడువేలు పైకెత్తారు. వేలు కీబోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఎగిరింది. ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చింది. ఎక్కడా దిగలేదు.

బావ ఫోను తీసి, పక్క శాఖలో ఎవరినో, "అన్నయ్యా, బాగున్నారా? మీ మంత్రిగారికి పీఏ ఖాళీ అని విన్నాను" అని పలకరిస్తూ, నన్ను రమ్మని సైగ చేసి బయటికి నడిచాడు. నేను తువ్వాలు బిగించుకుని లేచాను.

"తమ్ముడూ, ఇలా రా" అన్నారు మంత్రిగారు తోడల్లుడితో, గొంతు తగ్గించి. "ఇందులో 'అ' ఎక్కడుంది?"

సలహాదారు కళ్ళజోడు పెట్టుకుని పక్కన వంగాడు. "మొట్టమొదటి అక్షరం కదా అన్నగారూ, మొదట్లోనే ఉంటుంది" అన్నాడు.

ఉద్యోగం సంగతి మాట్లాడుకుని మేం మళ్ళీ అటుగా వచ్చేసరికి, పచ్చదీపం నిగనిగా వెలుగుతోంది. వాళ్ళిద్దరూ తలలానించి ఇంకా వెతుకుతున్నారు.